అమెరికా విదేశాంగ విధానం మీద అర్మేనియన్ల పట్టు ఎంత, మన పట్టు ఎంత?

మీరు అడిగింది ఇది: అమెరికాలో అర్మేనియన్లు జనగణన లెక్కలో ఐదు లక్షలకు అటూ ఇటూ. అంత చిన్న గుంపు టర్కీలాంటి నాటో దేశం వద్దు వద్దంటున్నా, 1915లో తమవాళ్ల మీద జరిగిన మారణకాండ జాతిహత్యేనని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ చేత తీర్మానం చేయించుకుంది. మనం, అంటే భారతీయులం, అక్కడ 50 లక్షలమందిమి ఉన్నాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేర్చితే భీమవరం రొయ్యల రైతు దగ్గర నుంచి సూరత్ వజ్రాల పనివాళ్ల దాకా అల్లాడారు. మనవాళ్లు ఆపలేకపోయారు. మరి లాబీ అనేది నిజంగా పని చేస్తుందా, లేక అదంతా సంఘాలవాళ్లు చెప్పుకునే గొప్పలేనా?

పని చేస్తుంది. కాకపోతే పనిచేసే చోటు ఒకటే, కాంగ్రెస్. కాంగ్రెస్ చెయ్యి ఎంతవరకు అందుతుందో లాబీ చెయ్యీ అంతవరకే అందుతుంది. అధ్యక్షుడు ఒక్క సంతకంతో తేల్చేసే చోట ఎంత పెద్ద సంఘమైనా గుమ్మం బయట నిలబడాల్సిందే. అర్మేనియన్ల కథ వివరంగా చూస్తే ఇది మీకే అర్థమవుతుంది.

నేను ప్రొఫెసర్ని కాదు. 2001 నుంచి పదకొండేళ్లు కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో కాపురం ఉన్నాను. తర్వాత న్యూజెర్సీకి మారి, మన సంఘాల తరఫున కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. రెండు రకాలవాళ్లనూ దగ్గర నుంచి చూశాను, నాకున్న అర్హత అంతే.

గ్లెండేల్ లాస్ ఏంజెలెస్‌ను ఆనుకుని ఉన్న ఊరు. జనాభా సుమారు రెండు లక్షలు, అందులో మూడోవంతుకు పైగా అర్మేనియన్లు. 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఒట్టోమన్ ప్రభుత్వం (నేటి టర్కీకి ముందున్న సామ్రాజ్యం) అర్మేనియన్ రచయితలను, లాయర్లను, పెద్దమనుషులను పట్టుకుపోవడంతో మొదలైన మారణకాండలో పది లక్షలకు పైగా జనం పోయారని చరిత్రకారులు రాస్తారు. అర్మేనియన్లు చెప్పే లెక్క 15 లక్షలు. అందుకని ప్రతి ఏప్రిల్ 24న మా ఊళ్లో సగం దుకాణాల షట్టర్లు దించి ఉండేవి. ఎరుపు, నీలం, నారింజ చారల జెండాలు కార్లకు కట్టుకుని కుర్రాళ్లు తిరిగేవాళ్లు. మా పక్కింటి పెద్దాయన మాత్రం నల్లకోటు వేసుకుని, మాట్లాడకుండా బయల్దేరి వెళ్లేవాడు.

ఆయన వంటింట్లో ఒకటి చూసి నేను చాలా నేర్చుకున్నాను. చిన్న ఇత్తడి గిన్నెలో చిక్కటి కాఫీ కాచి ఇచ్చేవాడు. ఆ కాఫీ తాగుతూ చూస్తే ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అంటించిన కాగితం. మా ఇంట్లో ఆ చోట పిల్లల స్కూల్ లంచ్ మెనూ ఉంటుంది. వాళ్లింట్లో కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు ఫోన్ నంబరు, దాని కింద ఆ ఏడాది తీర్మానం నంబరు. 2007లో అది 106. 2010లో 252. ఇదేమిటి, లాటరీయా అని మొదటిసారి అడిగాను. ఆయన నవ్వలేదు. "ఫోన్ చేస్తే వాళ్లు మొదట అడిగేది నంబరే. నంబరు చెప్పకపోతే నా బాధ వింటారు, రాసుకోరు" అన్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వాళ్లకు రెండు పెద్ద సంఘాలు. ఒకటి 1972లో పుట్టిన అర్మేనియన్ అసెంబ్లీ, రెండోది అర్మేనియన్ నేషనల్ కమిటీ. రెండింటికీ పడదు. పాత దేశపు పార్టీ గొడవలు ఇక్కడి దాకా మోసుకొచ్చారు. మన తెలుగు సంఘాల చీలికలు చూసి సిగ్గుపడేవాళ్లకు ఈ ముక్క కాస్త ఊరట. అయితే వాళ్లు కొట్టుకునేది తమలో తాము. కాంగ్రెస్ మెట్లెక్కాక ఇద్దరి చేతిలోనూ ఒకే నంబరు ఉంటుంది.

వాళ్లు సాధించినవాటిలో అన్నిటికన్నా గట్టిది జాతిహత్య తీర్మానం కాదు, 907వ సెక్షన్. సోవియట్ యూనియన్ విడిపోయాక కొత్త దేశాలకు సాయం చేయడానికి 1992లో అమెరికా ఫ్రీడమ్ సపోర్ట్ యాక్ట్ తెచ్చింది. అప్పటికే అజర్‌బైజాన్ లోపల అర్మేనియన్లు ఎక్కువగా ఉన్న నాగోర్నో కారబాఖ్ అనే ప్రాంతం కోసం అర్మేనియన్లకు, అజర్‌బైజాన్‌కు యుద్ధం నడుస్తోంది. అజర్‌బైజాన్ రైళ్లు, గ్యాసు ఆపేసి అర్మేనియాను దిగ్బంధించింది. ఆ చట్టంలో ఒక చిన్న పేరా దూర్చారు: దిగ్బంధం ఎత్తివేసే చర్యలు తీసుకునేదాకా అజర్‌బైజాన్ ప్రభుత్వానికి నేరుగా సాయం ఇవ్వకూడదు. చమురు ఉన్నది అజర్‌బైజాన్‌కి. అర్మేనియాకి ఉన్నవి ఆప్రికాట్ తోటలు. రాజ్యాల మామూలు లెక్కలో ఎటు మొగ్గాలో చెప్పక్కర్లేదు. కానీ ఆనాడు వాషింగ్టన్‌లో అజర్‌బైజాన్ గోడు చెప్పే ఓటరు లేడు, అర్మేనియన్ ఓటర్లు కాలిఫోర్నియా, మసాచుసెట్స్, న్యూజెర్సీల్లో ఉన్నారు. క్లింటన్ ప్రభుత్వం ఆ సెక్షన్ తీసేయమని అడిగింది, చమురు కంపెనీలు అడిగాయి, కాంగ్రెస్ తీయలేదు.

తర్వాత 2001 సెప్టెంబరు 11 జరిగింది. అఫ్ఘానిస్తాన్‌కు వెళ్లే విమానాలకు అజర్‌బైజాన్ ఆకాశం కావాల్సి వచ్చింది. సెక్షన్‌ను రద్దు చేయలేదు, అధ్యక్షుడు అవసరమనుకుంటే పక్కన పెట్టొచ్చని ఇంకో వాక్యం చేర్చారు. 2002 జనవరిలో బుష్ పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ఏ పార్టీ అధ్యక్షుడొచ్చినా అదే చేశాడు. చట్టం పుస్తకంలో అక్షరం చెక్కుచెదరలేదు, పళ్లు మాత్రం ఊడిపోయాయి. నేను మొదట చెప్పిన మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఇక జాతిహత్య తీర్మానం. కాంగ్రెస్‌లో దిగువ సభ అయిన ప్రతినిధుల సభ (పై సభ సెనేట్) 1975లో, 1984లో ఆ అర్థం వచ్చే తీర్మానాలు చేసింది. 1981లో రీగన్ ఒక ప్రకటనలో ఆ మాట వాడాడు కూడా. తర్వాత ప్రభుత్వాలకు ఆ మాట గొంతులో పడ్డ ముల్లయింది. టర్కీలో ఇంజిర్లిక్ వైమానిక స్థావరం ఉంది, సోవియట్ సరిహద్దు ఉంది, తర్వాత ఇరాక్ ఉంది. ఏటా ఏదో ఒక కారణం.

1990లో సెనేట్‌లో దీన్ని భుజాన వేసుకున్నది కాన్సాస్ సెనేటర్ బాబ్ డోల్. కాన్సాస్‌లో అర్మేనియన్ ఓట్లు ఎన్నని? రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన కుడిచెయ్యి ఛిద్రమైతే షికాగోలో హంపర్ కెలికియన్ అనే అర్మేనియన్ డాక్టరు ఫీజు తీసుకోకుండా ఆపరేషన్లు చేశాడు. డోల్ ఆ రుణం మర్చిపోలేదు. లాబీ మీద రాసే పండితులు డబ్బు, ఓట్లు లెక్కపెడతారు గానీ ఇలాంటివి లెక్కలోకి రావు. అయినా ఆ తీర్మానం నెగ్గలేదు. రాబర్ట్ బర్డ్ అనే సెనేటర్ ఉపన్యాసాలతో కాలం సాగదీసి ఓటింగ్ దాకా రానివ్వలేదు.

2000లో జరిగింది మా ఊరి కథ. గ్లెండేల్ నియోజకవర్గంలో రిపబ్లికన్ సభ్యుడు జేమ్స్ రోగన్ సీటు ఊగుతోంది. ఎదురుగా డెమొక్రాట్ ఆడం షిఫ్. అప్పటివరకు జరిగిన అత్యంత ఖరీదైన సభ ఎన్నికల్లో అదొకటి. రోగన్‌ను గట్టెక్కించడానికి అదే పార్టీకి చెందిన స్పీకర్ డెన్నిస్ హాస్టర్ట్ జాతిహత్య మీది 596వ తీర్మానాన్ని ఓటింగ్‌కు తెస్తానన్నాడు. అంటే ఒక ఊళ్లో ఒక సీటు కోసం టర్కీతో సంబంధాన్ని పందెంలో పెట్టారు. ఓటింగ్‌కు ముందు క్లింటన్ రంగంలోకి దిగి, అమెరికన్ల ప్రాణాలకే ముప్పని స్పీకర్‌కు చెప్పాడు. అక్టోబరు 19న హాస్టర్ట్ వెనక్కి తీసుకున్నాడు. రోగన్ ఓడిపోయాడు. గెలిచిన షిఫ్ ఆ తీర్మానాన్ని అందిపుచ్చుకుని దాదాపు ఇరవై ఏళ్లు మోశాడు.

అర్మేనియాలో అమెరికా రాయబారి జాన్ ఎవాన్స్ 2005లో కాలిఫోర్నియా వచ్చి సభల్లో జాతిహత్య అన్న మాట అనేశాడు. మరుసటి ఏడాది ఆయన్ని వెనక్కి పిలిచారు. ఆయన స్థానంలో ప్రతిపాదించిన రాయబారి పేరును సెనేటర్ మెనెండెజ్ అడ్డుకుని ముందుకు కదలనివ్వలేదు. చివరికి 2007లో ప్రభుత్వం ఆ పేరు ఉపసంహరించుకుంది. చూడండి, ఒక రాయబారిని ఆపగలిగారు, ఒక మాట పలికించలేకపోయారు. ఆపడం అలవి అయినంతగా చేయించడం అలవి కాదు. ఒక్క సెనేటర్ చాలు ఆపడానికి.

2007 అక్టోబరు 10న మా పక్కింటాయన ఫ్రిజ్ మీది 106వ నంబరు విదేశీ వ్యవహారాల కమిటీలో 27-21తో నెగ్గింది. ఆ సాయంత్రం వాళ్లింట్లో పండగ. అప్పటికే ఎనిమిదిమంది మాజీ విదేశాంగ మంత్రులు వద్దని ఉమ్మడిగా ఉత్తరం రాశారు. టర్కీ తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. ఇరాక్ వెళ్లే అమెరికా సైన్యం విమాన సరుకులో 70 శాతం టర్కీ మీదుగానే పోతోందని రక్షణ మంత్రి గేట్స్ చెప్పాడు. రెండు వారాల్లో తీర్మానానికి మద్దతుగా సంతకాలు పెట్టినవాళ్లే ఒక్కొక్కరూ జారుకున్నారు. సభలో ఓటింగ్ జరగనే లేదు. 2010లో కమిటీలో మళ్లీ నెగ్గింది, ఈసారి 23-22. మళ్లీ అక్కడే ఆగింది. ఎన్నికల ముందు ఆ మాట అంటానని రాసిచ్చిన ఒబామా ఎనిమిదేళ్లూ అర్మేనియన్ భాషలో "మెద్స్ యెగెర్న్" అన్నాడు, మహా విపత్తు అని అర్థం. ఇంగ్లీషు మాట నోట రాలేదు.

మరి 2019లో ఏం మారింది? అర్మేనియన్లు మారలేదు. అవే ఫోన్లు, అవే ఉత్తరాలు. మారింది టర్కీ. రష్యా నుంచి ఎస్-400 క్షిపణి వ్యవస్థ కొంది. అక్టోబరులో ఉత్తర సిరియాలో, ఐసిస్ మీద అమెరికాతో కలిసి పోరాడిన కుర్దుల మీదికి సైన్యాన్ని పంపింది. కాంగ్రెస్‌కు టర్కీ మీద మండిపోయి ఉంది, కొట్టడానికి ఏదో ఒకటి చేతికి కావాలి. వెతికితే అర్మేనియన్లు ఎప్పట్నుంచో పట్టుకుని నిలబడ్డ కాగితం కనిపించింది. అక్టోబరు 29న, సరిగ్గా టర్కీ గణతంత్ర దినోత్సవం నాడు, 296వ తీర్మానం 405-11తో నెగ్గింది. సెనేట్‌లో అధ్యక్ష భవనం మాట మీద ముగ్గురు రిపబ్లికన్లు మూడుసార్లు, ఒక్కోసారి ఒక్కరు, ఆపారు. నాలుగోసారి డిసెంబరు 12న అభ్యంతరం చెప్పేవాడు మిగల్లేదు. 2021 ఏప్రిల్ 24న బైడెన్ ఆ మాట అన్నాడు. దాదాపు అదే సమయంలో ఆయన ప్రభుత్వమే 907వ సెక్షన్‌ను ఇంకోసారి పక్కన పెట్టింది! ఇటు అర్మేనియన్లకు ఆ ఒక్క మాట అన్నారు, అటు అజర్‌బైజాన్‌కు సాయం ఇచ్చారు.

అసలు అవసరం వచ్చినప్పుడు ఏమైందో కూడా చెప్పకపోతే అన్యాయం. 2020 శరదృతువులో 44 రోజుల యుద్ధంలో టర్కీ డ్రోన్లతో అజర్‌బైజాన్ చాలా భూమి లాక్కుంది. 2023 సెప్టెంబరులో ఒక్క రోజు దాడితో కారబాఖ్ మొత్తం పోయింది. లక్షమందికి పైగా అర్మేనియన్లు వారం పదిరోజుల్లో ఇళ్లు వదిలి అర్మేనియాకు వెళ్లిపోయారు. వాషింగ్టన్ ఆందోళన వ్యక్తం చేసింది. 2025 ఆగస్టు 8న అధ్యక్ష భవనంలో రెండు దేశాల నేతలను కూర్చోబెట్టి ట్రంప్ ఒప్పందం కుదిర్చినప్పుడు, దక్షిణ అర్మేనియా మీదుగా వేసే దారికి తన పేరే పెట్టుకున్నాడు, 907ను మళ్లీ పక్కన పెట్టాడు. ఆ రాత్రి మా పాత పక్కింటాయనకు ఫోన్ చేశాను. "మాకు మాట దొరికింది, ఊళ్లు పోయాయి" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి. మన పేపర్లు లాబీయింగ్‌ను పైరవీ అని రాస్తాయి. పైరవీ అంటే గుట్టుగా నడిపేది. పౌరుల సంఘం చేసేది గుట్టు కాదు, జెండాలు పట్టుకునే వెళతారు. విదేశీ ప్రభుత్వం డబ్బిచ్చి పెట్టుకున్న లాబీయిస్టు మాత్రం 1938 నాటి చట్టం ప్రకారం పేరు నమోదు చేసుకోవాలి. టర్కీకి అలా పనిచేసినవాళ్లలో మాజీ డెమొక్రటిక్ నేత డిక్ గెఫార్ట్ ఒకడు. సభలో ఉన్నప్పుడు అర్మేనియన్లను సమర్థించినవాడే, బయటికొచ్చాక టర్కీ పక్షాన ఫీజు తీసుకున్నాడు. యూదు సంఘాల గురించి కూడా అడిగారు, అది ఇంకో పెద్ద కథ. ఇక్కడికి సంబంధించినంతవరకు, ఇజ్రాయెల్, టర్కీ స్నేహంగా ఉన్న రోజుల్లో కొన్ని యూదు సంఘాలు ఈ తీర్మానం వద్దన్నాయి. స్నేహం చెడ్డాక ఆ అడ్డు తొలగింది.

ఇక మన సంగతి. సరదా విషయం ఏమిటంటే 1995లో అర్మేనియన్ కాకస్ (ఆ దేశం పక్షాన కాంగ్రెస్ సభ్యులు కట్టే బృందం) పెట్టినవాళ్లలో ఒకడైన న్యూజెర్సీ సభ్యుడు ఫ్రాంక్ పలోన్, దానికి రెండేళ్ల ముందే ఇండియా కాకస్ కూడా పెట్టాడు. మన తెలుగువాళ్లు కిక్కిరిసి ఉండే ఎడిసన్ ఆయన నియోజకవర్గంలోనిదే. ఒకే మనిషి, ఒకే ఆఫీసు. రెండు గుంపులూ ఆ ఒక్క గుమ్మంలోకే వెళ్లేవి.

మనవాళ్ల గొప్ప విజయంగా చెప్పుకునేది అణు ఒప్పందం. 2005 జూలై 18న మన్మోహన్ సింగ్, బుష్ ప్రకటించారు. 2006 జూలైలో సభలో 359-68, 2008 అక్టోబరు 1న సెనేట్‌లో 86-13. ఆ మూడేళ్లు మన డాక్టర్లు, మోటెల్ ఓనర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు నిజంగానే కష్టపడ్డారు. ఫండ్‌రైజర్లు పెట్టారు, ఊగిసలాడే సభ్యుల వెంట పడ్డారు. కానీ ఆ గాలి ఎటు వీస్తోందో చూడండి. అధ్యక్షుడికి కావాలి, చైనా లెక్కలు వేసుకునేవాళ్లకు కావాలి, పెద్ద కంపెనీలకు కావాలి, భారత ప్రభుత్వం సొంతంగా లాబీ కంపెనీలను పెట్టుకుంది. దిగుడువాలులో బండిని తోశాం. తోయడం తక్కువ పనేం కాదు, మధ్యలో ఆగిపోయిన బళ్లు చాలా ఉన్నాయి. కానీ ఎగుడు ఎక్కించామని చెప్పుకోకూడదు.

ఎగుడుకు ఉదాహరణ గ్రీన్ కార్డ్. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఎత్తేసే 1044వ బిల్లు 2019 జూలైలో సభలో 365-65తో నెగ్గింది. సెనేట్ 2020 డిసెంబరులో వేరే రూపంలో ఆమోదించింది. రెండూ కలవలేదు, చట్టం కాలేదు. మన లైను అలాగే ఉంది.

మన పద్ధతి ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. ఒకసారి పన్నెండుమందిమి ఒక సభ్యుడి ఆఫీసుకు వెళ్లాం. శాలువా తీసుకెళ్లాం, కొండపల్లి బొమ్మ తీసుకెళ్లాం. ఇరవై నిమిషాల అపాయింట్‌మెంట్. అందులో పన్నెండు నిమిషాలు ఫోటోలకే పోయాయి, ఎందుకంటే మాజీ అధ్యక్షులు, రాబోయే అధ్యక్షులు, కోశాధికారి అందరూ మధ్యలో నిలబడాలి. చివర్లో ఆ సభ్యుడి దగ్గర పనిచేసే పాతికేళ్ల అమ్మాయి నోట్‌బుక్ తీసి, "మీరు ఏ బిల్లు గురించి వచ్చారు?" అని అడిగింది. మావాళ్లలో పెద్దాయన "భారత అమెరికా మైత్రి గురించమ్మా" అన్నారు. ఆ అమ్మాయి మర్యాదగా నవ్వి నోట్‌బుక్ మూసేసింది. నాకు ఆ ఫ్రిజ్ గుర్తొచ్చింది.

ఇప్పుడు మీ సుంకాల ప్రశ్న. ఆ 50 శాతం కాంగ్రెస్ వేసింది కాదు. 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం కింద అధ్యక్షుడు ఆర్డర్ ఇచ్చాడు, అందులో సగం మనం రష్యా చమురు కొంటున్నామని కలిపింది. ఆపడానికి బిల్లు లేదు, కమిటీ లేదు, ఒక్క సెనేటర్ అడ్డుపడే చోటు లేదు. అర్మేనియన్లయినా అక్కడ చేతులెత్తేసేవాళ్లే. అప్పట్లో కాంగ్రెస్ వైపు నుంచి ఉన్న దారి ఒక్కటే, అత్యవసర పరిస్థితిని రద్దు చేస్తూ కాంగ్రెస్ తీర్మానం చేయాలి. దాన్ని అధ్యక్షుడు వీటో చేస్తే రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు కావాలి. అలాంటి తీర్మానాన్నే 2025 డిసెంబరులో ప్రతినిధుల సభ సభ్యులు డెబొరా రాస్, మార్క్ వీసీ, రాజా కృష్ణమూర్తి ప్రవేశపెట్టారు. రాస్‌ది నార్త్ కరోలినాలోని రాలీ ప్రాంతం. మన తెలుగువాళ్లు అక్కడ ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు.

మీ సంఘం ఈసారి ఎవరినైనా కలవడానికి వెళ్తే ముగ్గురు చాలు. శాలువా ఒకటి తీసుకెళ్లండి, తప్పులేదు, ఆఖర్లో కప్పండి. అంతకుముందు ఒక్క పేజీ చేతికివ్వండి. పైన మీరు అడిగే బిల్లు లేదా తీర్మానం నంబరు, కింద ఆ నియోజకవర్గంలో మన రొయ్యలు కొని అమ్మే దుకాణాలు, గోదాములు, వాటిలో పనిచేసే ఓటర్లు ఎంతమందో రాయండి. భీమవరం లెక్క ఆయనకు అక్కర్లేదు, తన ఊరి లెక్క కావాలి. వెళ్లే ముందు ఆయన ఏ కమిటీలో ఉన్నాడో చూసుకోండి. మామూలు సుంకాల బిల్లయితే సభలో చూడాల్సింది పన్నులు, సుంకాలు చూసే వేస్ అండ్ మీన్స్ కమిటీ, అత్యవసర పరిస్థితి రద్దు తీర్మానమైతే విదేశీ వ్యవహారాల కమిటీ. సంబంధించిన కమిటీలో లేని సభ్యుడి దగ్గరికి వెళ్తే అడగాల్సింది ఒకటే, మీ కాగితం పైనున్న ఆ నంబరుకు మద్దతుగా సంతకం పెడతారా, లేదా.